మూలమట్టం

నలభై ఒక్కేళ్లు
ఊళ్లోవాళ్ల నేలలన్నీ మోకాళ్ల ఎత్తు నుంచే చూశాడు బోగుమిల్.
ఓక్ చెక్కలు జడ అల్లినట్టు పరిచేవాడు.
తొరూన్‌లో ఎవరింటికి పిలిచినా
గుమ్మంలోనే తేల్చేస్తాడు,
ఇది నాది, ఇది నాది కాదు.

తన మోకాలి ఎక్స్‌రే చూసి మాత్రం
చాలాసేపు మాట్లాడలేదు.
మధ్యలో జాగా లేదు, ఎముక ఎముకని రాస్తోంది
అన్నాడు డాక్టరు.
"సందు వదలకుండా బిగిస్తే అంతే మరి,
చెమ్మ తగలగానే లేస్తుంది"
అన్నాడీయన, ఎవరో చేతగాని పనివాణ్ణి తిడుతున్నట్టు.

వరసలో పదహారు నెలలు.
మాది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
ప్రతి మలుపులో ఆగి
కటకటాల రంగు పరిశీలించేవాడు,
రంగు మీద అంత ప్రేమ ఉన్నట్టు.

కోతకి ముందు పళ్లు చూపించుకు రమ్మన్నారు.
పుచ్చుపన్నులోని చీము రక్తంలో దిగి
కొత్త కీలులో కాపురం పెడుతుందట.
బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటే ఇదే కాబోలు
అనుకున్నాను.
ఈయనది నిజంగానే బోడిగుండు,
పళ్ల డాక్టరు దీపం కింద తళతళలాడింది.

నేను తివాచీలు చుట్టి మంచం కిందకి తోశాను.
మరుగుదొడ్డికి ఎత్తు పీట తెచ్చాను.
వ్యాయామాలు నేర్పే కింగా, ఇరవై ఆరేళ్ల పిల్ల,
మెట్ల దగ్గర మంత్రం చెప్పింది:
మంచికాలు స్వర్గానికి, చెడ్డకాలు నరకానికి.
ఎక్కేటప్పుడు మంచిది ముందు,
దిగేటప్పుడు చెడ్డది ముందు.
ఈయన పైకీ కిందకీ అదే పెద్దగా వల్లిస్తుంటే
రెండో అంతస్తు త్సెలెస్తిన్ తలుపు సందులోంచి
శిలువ గీసుకున్నాడు.

ముందురోజు రాత్రి నర్సు
కుడి తొడ మీద బాణం గుర్తు వేసింది.
"రంపం పట్టేముందు నేనూ పెన్సిల్ గీత పెడతాను" అని
ఆమెని మెచ్చుకున్నాడు.
నడుము నుంచి కిందకే మత్తు.
తెర వెనక అన్నీ విన్నాడు,
రంపం, డ్రిల్లు, సుత్తి.
నన్ను చూడగానే మొదటి మాట:
"మంచి పనివాడే. రెండు దెబ్బలు ఎక్కువేశాడు."

ఆ నవ్వు రెండ్రోజులే.

తరవాత రాత్రులు.
గడ్డకట్టిన బఠాణీల సంచి కాలికి చుట్టి
అది కరిగితే ఇంకోటి.
కుట్ల దగ్గర కాలు కుండలా వాచింది.
తెల్లవారుజామున మూడింటికి
"తీసెయ్యమను, నా పాతదే పెట్టమను" అని ఏడ్చాడు.
నలభై మూడేళ్ల కాపురంలో
ఆ గొంతు నేనెరగను.
నిద్ర నటించాను. అది తప్పో కాదో
ఇప్పటికీ తేలలేదు.

కింగా ప్లాస్టిక్ కోణమానిని ఆనించి
యాభై ఎనిమిది అనేది. వారం తరవాత అరవై తొమ్మిది.
తొంభై వంగాలి, కనీసం.
"ఆ బొమ్మని నమ్మను,
నా పెట్టెలోంచి మూలమట్టం తే" అన్నాడు.
తెచ్చాను. ఉక్కుది. వాళ్ల మేస్త్రి ఇచ్చింది.
రోజూ మడమని వెనక్కి లాగడం,
పళ్లు బిగించడం,
మూలమట్టం పెట్టి చూసుకోవడం,
నేను చెవులు మూసుకోవాల్సిన మాటలు.

ఏడో వారం, మంగళవారం.
వంటింటి కుర్చీలో కూచున్నాడు.
ఉక్కు ఒక అంచు తొడకి, ఒక అంచు పిక్కకి.
వంగి చూశాను,
వెలుతురు ఎక్కడా దూరలేదు.
కింగా ఏదో కాగితం మీద రాసుకుంది.
ఈయన మూలమట్టాన్ని చొక్కాకి తుడిచి
పెట్టెలో పెట్టేశాడు.

ఇప్పుడు ఒక్క కర్రతో ఇల్లంతా తిరుగుతాడు.
తిరిగి తిరిగి
మా నేల వంక చూస్తాడు:
లినోలియం, అంచులు చిరిగి, పొయ్యి దగ్గర కాలి.
ఊరందరికీ ఓక్, మాకు ఇది.
ఎప్పుడూ తీరిక లేదన్నాడు, నేనూ అడగలేదు.

నిన్న కర్రతో గోడ నుంచి గోడకి కొలిచాడు.
మోకాళ్ల మీద కూచోవద్దన్నారుగా, అన్నాను.
"నేను కాదు, నువ్వు. నేను చెప్తాను."

నాకు అరవై ఎనిమిది.
దిండు వేసుకుని కూచున్నాను.
మొదటి చెక్క చేతికందించి
"గోడ దగ్గర వేలెడు..." అనబోయాడు.

తెలుసులే, అన్నాను.